ఉప్పునీటి తొట్లపై దీపములు వ్రేలాడదీయుటకు ఎట్టి లోహపు సామాను వాడవలెను?

మన తల్లులు ఆవకాయను జాడీలో పెట్టుదురు గాని ఇనుప డబ్బాలో పెట్టరు. చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో రాత్రంతయు ఉంచరు. ఉంచినచో చిలుము దిగునని వారికి తెలియును. ఉప్పును, పులుపును లోహముతో చేర్చరాదను ఈ ఇంటి జ్ఞానము మనకు తరతరములుగా ఉన్నది. అయినను ఉప్పునీటి తొట్టి కట్టి, దానిపై దీపము వ్రేలాడదీయవలసి వచ్చినపుడు, బజారులో చేతికి దొరకిన కొక్కెమును, గొలుసును తెచ్చి బిగించువారే ఎక్కువ. తొట్టికి, పంపుకు, దీపమునకు వేలకొలది రూపాయలు వెచ్చించి, ఆ దీపమును మోయు కొక్కెము దగ్గర పది రూపాయలు మిగుల్చుకొనుట జరుగుచున్నది. ఆ పొదుపు వలన ఎట్టి నష్టము కలుగునో, దానిని ఎట్లు తప్పించుకొనవచ్చునో ఈ పాఠమున వివరింపబడినది.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము మెట్ట. ఇచ్చటి రైతుకు ప్రత్తి, మిరప, వరి తెలిసినంతగా సముద్రము తెలియదు. అయినను ఇచ్చటినుండి బందరు, బాపట్ల, కాకినాడ తీరములకు పోయి రొయ్యల చెరువులలోను, రొయ్యపిల్లల హేచరీలలోను పని చేయువారును, పెట్టుబడి పెట్టువారును గలరు. కృత్రిమ సముద్ర లవణమును మంచినీటిలో కలిపి, ఇంటనో, దుకాణముననో, పాఠశాలయందో సముద్రపు చేపల తొట్టిని ఏర్పరచుకొనుట కూడ ఇప్పుడు సాధ్యమే. మెట్టవారు ఇట్టి పనికి పూనుకొన్నపుడు ఒక పొరపాటు సులభముగా జరుగును. తమ ఊరిలో ఇనుము ఎన్నాళ్ళు నిలుచునో చూచిన కంటితోనే ఉప్పునీటిపై ఇనుమును కూడ చూచుదురు.

మెట్ట ఇనుము, తీరపు ఇనుము

నందిగామలో పాత ఇంటి కిటికీ చువ్వలను చూడుడు. రంగు పోయినను, పైన సన్నని ఎర్రపొర తప్ప చువ్వ చెడదు. అదే చువ్వను బందరు రేవు దగ్గర బిగించినచో కొన్ని యేండ్లలోనే పొరలు పొరలుగా ఊడిపోవును. ఇనుము ఒక్కటే, గాలి వేరు.

ఇనుము తుప్పు పట్టుటకు గాలిలోని ప్రాణవాయువు, తేమ రెండును కావలెను. ఉప్పు ఉన్నచో ఈ పని మిక్కిలి వేగముగా జరుగును. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్ప్రవాహము సులభముగా సాగును గనుక లోహము త్వరగా కరగును. అంతేగాక ఉప్పులోని క్లోరైడు, లోహములు తమపై తామే ఏర్పరచుకొను రక్షణ పొరను చీల్చును. ఢిల్లీలో కుతుబు మీనారు దగ్గరనున్న ఇనుప స్తంభము సుమారు 1,600 సంవత్సరములనుండి నిలిచియున్నది. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుట దానికి ముఖ్యకారణము. అచ్చటి గాలి చాల నెలలు పొడిగా నుండుట మరియొక సహాయము. ఆ స్తంభమును చూచి ఇనుమంతయు అట్లే నిలుచుననుకొనరాదు.

ఉప్పు చేయు పని మెట్టరైతుకు పూర్తిగా తెలియనిది కాదు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడ క్లోరైడు లవణమే. ఆ బస్తాలు ఆనించిన గోడ దగ్గరి ఇనుప తలుపు బందులు ఎట్లు తినివేయబడునో, ఎరువు చల్లిన పనిముట్టును కడుగక పెట్టినచో మరుసటి పంటకు అది ఎట్లుండునో చూడనివారు అరుదు. ఉప్పునీటి తొట్టిపైన దినదినమును జరుగునది అదే.

తొట్టిపైన గాలి ఎట్టిది?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. తొట్టిలో గాలిరాళ్ళనుండి పైకి వచ్చు ప్రతి బుడగయు నీటిపై పగిలినపుడు కంటికి కనబడని ఉప్పునీటి తుంపరలను పైకి చిమ్మును. ఆ తుంపరలు దీపముపై, గొలుసుపై, కొక్కెముపై పడి, నీరు ఆవిరియై ఉప్పు మిగులును. దీపపు వేడిచే తేమ పైకి లేచి చల్లని లోహముపై మరల చెమ్మగా దిగును.

ఎండిన ఉప్పు హాని చేయదని తలంపరాదు. గాలిలో తేమ నూటికి 75 వంతులు దాటినపుడు మనము తిను ఉప్పు తనంతట తానే నీరు పీల్చి కరగును. వానకాలములో ఉప్పుకుండ చెమర్చుటకు కారణమిదే. సముద్ర లవణములోనున్న మెగ్నీషియం క్లోరైడు ఇంకను తక్కువ తేమకే, అనగా నూటికి సుమారు 33 వంతులకే, కరగిపోవును. అందుచేత సముద్రపు ఉప్పు పడిన లోహము తొట్టిపైన పూర్తిగా ఎండుట అరుదు. వేసవిలో నందిగామ వీధిలో వడగాలి వీచుచుండవచ్చును; గదిలో తొట్టికి రెండడుగుల పైన మాత్రము బందరు గాలియే ఉండును. సామాను కొనునపుడు ఊరి గాలిని గాక ఆ రెండడుగుల గాలిని లెక్కలోనికి తీసికొనవలెను.

నష్టములు రెండు విధములు

మొదటిది, క్రిందికి కారునది. తుప్పు పట్టిన లోహముపై దిగిన చెమ్మ, కరిగిన లోహముతో సహా బొట్లుబొట్లుగా తొట్టిలో పడును. ఇనుప తుప్పు కంటె రాగి, జింకు ఎక్కువ అపాయకరములు. రొయ్య రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమునందు రాగియే ఉన్నది. అయినను నీటిలో రాగి మోతాదు కొంచెము మించినచో రొయ్యపిల్లలు చచ్చును. లీటరుకు మిల్లీగ్రాములో కొద్ది భాగమే వాటికి చాలును. నత్తలు, పగడపు జీవులు కూడ రాగికి తాళలేవు. హేచరీలలో సముద్రపు నీటిలోని లోహములను కట్టివేయుటకు ఈడీటీఏ అను మందును కలుపుదురు. ఒక చేతితో లోహమును తొలగించుటకు డబ్బు ఖర్చు చేయుచు, ఇంకొక చేతితో అదే నీటిపైన ఇత్తడి కొక్కెము వ్రేలాడదీయుట తెలివి కాదు.

రెండవది, పైనుండి పడునది. కొక్కెము తెగి దీపము తొట్టిలో పడినచో చేపలు, రొయ్యపిల్లలు పోవుటయే గాక, ఆ సమయమున చేయి నీటిలోనుంచిన మనిషి ప్రాణమునకే అపాయము. ఉప్పునీరు మంచినీటికంటె అనేక రెట్లు సులభముగా విద్యుత్తును ప్రసరింపజేయును. తొట్టిలో పని చేయువాని చేయి ఎల్లప్పుడు తడిగానే ఉండును. తరచు కాలు కూడ తడినేలపైనే ఉండును. కనుక ఇచ్చట కొక్కెమును బరువు మోయు వస్తువుగా మాత్రమే గాక, ప్రాణరక్షణ వస్తువుగా ఎంచవలెను.

ఏ లోహము ఎట్టిది?

1. మామూలు ఇనుము, ఉక్కు: తొట్టిపైన వాడరాదు. రంగు వేసినను మరచుట్టు దగ్గర, రాపిడి తగిలినచోట రంగు లేచిపోవును. తుప్పు అచ్చటనే మొదలిడి రంగు క్రిందుగా ప్రాకును.

2. జింకు పూత వేసిన ఇనుము: దీనిని మన బజారులో జి.ఐ. అందురు. ఇందు రెండు రకములు గలవు. కరగిన జింకులో ముంచి తీసినదానికి పూత మందముగా సుమారు 50 మైక్రానులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉండును. విద్యుత్తుతో పూత వేసిన బోల్టులు తళతళలాడుచు అందముగా ఉండును గాని వాటి పూత సాధారణముగా 5 మొదలు 10 మైక్రానులే. ఉప్పుగాలికి ముందు తెల్లని పొడి లేచును; అది జింకు తరుగుచున్నదనుటకు గుర్తు. తరువాత ఎర్రతుప్పు కనబడును. ఆ తెల్లపొడి తొట్టిలో రాలినచో నీటిలోనికి జింకు చేరును. కనుక ముంచిన రకమును తొట్టికి దూరముగా, గోడపైన వాడవచ్చును. నీటికి నేరుగా పైన రెండును పనికిరావు.

3. ఇత్తడి, రాగి, కంచు: ఇనుము వలె పొరలూడవు గనుక ఇవి మంచివని కొందరు తలంతురు. ఇవి బరువు మోయును గాని వీటి చిలుము రొయ్యకు విషము. ఇత్తడిలోని జింకు క్రమముగా కరగిపోయి, రూపము మారకయే లోపల గుల్లయగుట కూడ కలదు. నికెలు పూత వేసిన ఇత్తడిని స్టెయిన్‌లెస్ స్టీలని భ్రమించి కొనకుండ చూచుకొనవలెను.

4. అల్యూమినియము: తేలికయైనది, గాలి తగిలినంతనే తనపై తాను ఒక పొరను ఏర్పరచుకొనును. ఆనోడైజు చేసినదైనచో ఆ పొర మరింత గట్టిది. నేటి ఎల్.ఇ.డి. దీపముల చట్రములు చాల భాగము దీనితోనే చేయబడుచున్నవి. చట్రమునకు ఇది సరిపోవును. కాని ఉప్పు నిలిచినచోట చిన్నచిన్న గుంటలు పడును. వేరే లోహముతో తడిగా తగిలియున్నచో వేగముగా చెడును. తడి సిమెంటులో దీనిని పాతరాదు. సిమెంటులోని క్షారము దీనిని తినివేయును.

5. స్టెయిన్‌లెస్ స్టీలు: ఇది ఒకే లోహము కాదు, ఒక కుటుంబము. ఉక్కులో క్రోమియము నూటికి పదిన్నర వంతులకు తగ్గకుండ కలిపినపుడు పైన కంటికి కనబడని సన్నని పొర ఏర్పడి తుప్పును ఆపును. మన బజారులో చేతిపట్టీలకు, కిటికీలకు వచ్చు 202 రకములో ఖరీదైన నికెలును తగ్గించి మాంగనీసు హెచ్చించుదురు; ఉప్పునీటి పనికి ఇది తగదు. వంటపాత్రలకు పేరొందిన 304 రకములో సుమారు 18 వంతులు క్రోమియము, 8 వంతులు నికెలు ఉండును. మంచినీటికి ఇది మేలైనది గాని ఉప్పుగాలిలో తేనీటి మరకలవంటి గోధుమరంగు మచ్చలు పడి, క్రమముగా గుంటలగును. 316 రకములో వీటితోపాటు 2 మొదలు 3 వంతుల మాలిబ్డినము ఉండును. ఈ మాలిబ్డినమే క్లోరైడును ఎదిరించుటకు బలమిచ్చును. ఉప్పునీటి తొట్టిపైన లోహము వాడక తప్పనపుడు 316 రకమును కనీసపు మేరగా నిర్ణయించుకొనవలెను.

6. టైటానియము: సముద్రపు నీటికి దాదాపు ఏమియు కాని లోహము. ఖరీదు హెచ్చు. చిన్న తొట్టికి కావలసినవి నాలుగైదు కొక్కెములే గనుక దొరకినచో కొనుట నష్టము కాదు.

7. లోహము కానివి: జాడీ నేర్పిన పాఠమిదే. పి.వి.సి. గొట్టము, ఫైబరు గ్లాసు కడ్డీ, పాలిప్రొపిలీన్ త్రాడు, టేకు దూలము, ఇవి ఉప్పుకు లొంగవు. వీటికి ఉన్న లోపములు వేరు. నైలాను త్రాడు నీరు పీల్చి సాగును, ఎండకు పెళుసగును, వేడి దీపమునకు తగిలినచో కరుగును. పి.వి.సి. గొట్టము బరువుకు క్రమముగా వంగును. కొబ్బరిత్రాడు తడికి చివికిపోవును. ఈ లోపములను ఎరిగి, దూరము తక్కువగా, బరువు తేలికగా ఉండునట్లు వాడుకొన్నచో ఇవి లోహముకంటె మేలు.

కొనునపుడు గుర్తించుట ఎట్లు?

అయస్కాంతము అంటుకొననిదే మంచి స్టెయిన్‌లెస్ స్టీలని లోకములో ఒక నమ్మకము కలదు. దీనిని పూర్తిగా నమ్మరాదు. అయస్కాంతము గట్టిగా అంటుకొన్నచో అది మామూలు ఇనుమో, చవకరకము ఉక్కో అని అనుమానించవచ్చును. అంతవరకు పరీక్ష పనికివచ్చును. కాని 202, 304, 316 మూడును అయస్కాంతమునకు సాధారణముగా అంటుకొనవు. మంచి 316 బోల్టు కూడ చల్లగానే వంచి, సాగదీసి చేసినందున కొంచెము అంటుకొనవచ్చును. కనుక అయస్కాంతము ఈ మూడింటిని వేరు చేయలేదు.

బోల్టు తలపైని గుర్తును చూడవలెను. ఏ2 అని ఉన్నచో 304 తరగతి, ఏ4 అని ఉన్నచో 316 తరగతి. దాని ప్రక్కన 70, 80 అను అంకెలు బలమును తెలుపును. గుర్తు లేని బోల్టును దుకాణదారు మాటపై 316 గా కొనరాదు. కడ్డీలకు, తీగత్రాళ్ళకు బిల్లుపై రకము వ్రాయించుకొనవలెను. మాలిబ్డినము ఉన్నదీ లేనిదీ తెలుపు చుక్కల మందు కూడ దొరకును; హేచరీవంటి పెద్ద పనికి సామాను కొనువారు దానిని వాడుట మంచిది.

తీగత్రాడు, గొలుసు, కడ్డీ ఈ మూడింటిలో కడ్డీయే మేలు. తీగత్రాడు పేటల నడుమ ఉప్పు చేరి కడిగినను పోదు. పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగత్రాడు ఇంకను మోసకరమైనది. తొడుగు ఒకచోట చిరిగి నీరు లోపలికి దిగినచో లోపలి తుప్పు కంటికి కనబడదు. గొలుసు బిళ్ళలు ఒకదానితో ఒకటి తగులుచోట అరిగినను, కనీసము చూచుటకు వీలుండును.

రెండు లోహములు కలిసినపుడు

వేరువేరు లోహములు రెండు ఉప్పుతడిలో ఒకదానికొకటి తగిలియున్నచో అవి చిన్న బ్యాటరీవలె పని చేయును. వాటిలో బలహీనమైనది రెండవదానికొరకు బలియగును. అల్యూమినియము చట్రమునకు స్టెయిన్‌లెస్ బోల్టు బిగించినచో బోల్టుకేమియు కాదు, దాని చుట్టునున్న అల్యూమినియము తెల్లపొడిగా రాలును. దీనికి తోడు, బలియగు లోహము చిన్నదై రెండవది పెద్దదైనచో నాశము మరింత వేగముగా జరుగును. కనుక పెద్ద స్టెయిన్‌లెస్ పట్టీకి చిన్న అల్యూమినియము రివిటు కొట్టరాదు. తీగత్రాడు 316 దైయుండి, దాని చివరను నొక్కిన బిళ్ళ మాత్రము అల్యూమినియముదో, రాగిదో అగుట తరచు చూతుము. త్రాడు మంచిదే, తెగునది ఆ బిళ్ళ దగ్గరనే.

దీనికి ఉపాయము రెండు మాటలలో చెప్పవచ్చును. సాధ్యమైనంతవరకు కొక్కెము, కడ్డీ, నట్టు, వాషరు అన్నియు ఒకే లోహమునవి కావలెను. కలుపక తప్పనిచోట నడుమ నైలాను వాషరును, బోల్టు కాండమునకు ప్లాస్టిక్ తొడుగును వేసి, ఒకటి రెండవదానికి తగులకుండ చేయవలెను.

స్టెయిన్‌లెస్ స్టీలు కూడ శాశ్వతము కాదు

పేరులో తుప్పు పట్టదని ఉన్నందున దీనిని బిగించి మరచిపోవుట జరుగును. ఆ మరపు ఎంత చేటు తెచ్చునో స్విట్జర్లాండు దేశములో జరిగిన ఒక దుర్ఘటన తెలుపును. ఉస్టర్ అను పట్టణములో ఒక ఈతకొలను భవనము కలదు. దాని లోకప్పు కాంక్రీటుతో చేసి, పైనుండి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో వ్రేలాడదీయబడెను. 1985 మే 9వ తేదీన ఆ కడ్డీలు తెగి కప్పు కొలనులో కూలగా 12 మంది మరణించిరి. భవనము కట్టి అప్పటికి పదునాలుగేండ్లయినను నిండలేదు. కొలను నీటిలో కలుపు క్లోరిను వలన గాలిలో చేరిన క్లోరైడులు కడ్డీలపై పేరుకొని, లాగబడుచున్న ఉక్కులో సన్నని పగుళ్ళను కలిగించెను. పైకి ఎర్రతుప్పు అంతగా కనబడకయే లోపల పగులు సాగెను. 2011లో నెదర్లాండ్సులోని టిల్‌బర్గు పట్టణపు ఈతకొలనులో పైన వ్రేలాడదీసిన ధ్వనివర్ధకము ఊడిపడి ఒక శిశువు మరణించెను. అచ్చటను తుప్పుకు లోనైన స్టెయిన్‌లెస్ స్టీలు సామానే కారణము.

ఈతకొలనులకు, మన తొట్లకు ఏమి సంబంధమని అడుగవచ్చును. హేచరీలలో సముద్రపు నీటిని మొదట బ్లీచింగు పొడితో శుద్ధి చేయుదురు. ఆ తొట్లపై క్లోరిను వాసన మనకే తెలియును. అట్టి తొట్టిపైన 304 గాని, 316 గాని నమ్మి బరువు వ్రేలాడదీయరాదు. ఆ గదిలో దీపమును తొట్టికి దూరముగా ప్రక్కగోడకు బిగించుటయే క్షేమము. తక్కిన తొట్లపైనను మూడు నియమములు పాటింపవలెను. బరువు మోయు భాగము కంటికి కనబడునట్లు ఉండవలెను; చేతితో కడుగుటకు అందవలెను; ఒకటి తెగినను రెండవది మోయునట్లుండవలెను. ఉస్టరులోని కడ్డీలు కప్పు చాటున ఉండెను.

వ్రేలాడదీయు పద్ధతి

నందిగామలో ఒకరు ఇంటి ముందుగదిలో నాలుగడుగుల సముద్రపు చేపల తొట్టిని పెట్టిరనుకొందము. దీపము ఎల్.ఇ.డి.; చట్రముతో సహా 4 కిలోలు. ఏమి చేయవలెను?

ముందుగా అడుగవలసిన ప్రశ్న: దీపము నీటికి నేరుగా పైనుండి వ్రేలాడవలెనా? తొట్టికి ఇరుప్రక్కల టేకు నిట్రాటలు రెండు నిలిపి, వాటిపై అడ్డముగా టేకు దూలము వేసి, దానికి దీపమును కట్టినచో నీటిపైన లోహము దాదాపు లేకుండ చేయవచ్చును. తొట్టిపైన ఎంత తక్కువ లోహమున్న అంత మేలు.

శ్లాబునకే వ్రేలాడదీయుటకు నిశ్చయించినచో బరువు లెక్క వేయవలెను. 4 కిలోల దీపమునకు నాలుగు వ్రేలాటలు కట్టినచో ఒక్కొక్కదానిపై కిలో మాత్రమే పడును. కాని అట్లు లెక్క వేయరాదు. ఒక్క వ్రేలాటయే మొత్తము బరువునకు పది రెట్లు, అనగా 40 కిలోలు, మోయగలదై ఉండవలెను. ఇది కష్టము కాదు. 3 మిల్లీమీటర్ల 316 కడ్డీ కొత్తగా ఉన్నపుడు అంతకు ఎన్నో రెట్లు మోయును. ఆ మిగులు బలము తుప్పు తిను భాగమునకు మనము ముందుగా కేటాయించినదని భావింపవలెను. నాలుగు వ్రేలాటలను ఒకే కొక్కెమునకు చేర్చరాదు. అట్లు చేర్చినచో నాలుగును ఒక్కటియే అగును. కనీసము రెండు వేరువేరు కొక్కెములు శ్లాబులో ఉండవలెను.

జగ్గయ్యపేట చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములున్నవి. సిమెంటు గుణము మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. మంచి కాంక్రీటులోని సున్నపు గుణము లోపలి ఇనుమును కాపాడును. అయితే కొక్కెము శ్లాబునుండి బయటికి వచ్చుచోట తేమ, ఉప్పు ప్రవేశించును. ఇనుము తుప్పైనపుడు ముందున్నదానికంటె అనేక రెట్లు చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి కొక్కెము వదులగును. రంధ్రములో బిగించు మామూలు వ్యాకోచపు బోల్టులు తరచుగా జింకుపూత ఇనుమువే. వాటి లోపలి భాగము చెడినది మనకు కనబడదు. 316 బోల్టునే కోరి తెచ్చి, రంధ్రము మూతిని సిలికాను మైనముతో మూయవలెను.

స్టెయిన్‌లెస్ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టుపై వేగముగా బిగించినచో మరలు ఒకదానినొకటి పట్టుకొని ఇక ముందుకుగాని వెనుకకుగాని కదలవు. మరలకు కొంచెము గ్రీజు రాసి, నెమ్మదిగా త్రిప్పవలెను. దీపమును నీటికి కనీసము ఒక అడుగు ఎత్తున ఉంచినచో తుంపర తగ్గును. తొట్టికి గాజుమూత వేసిన ఇంకను మేలు.

విద్యుత్తు విషయములో జాగ్రత్త

మంచి కొక్కెము ఉన్నంత మాత్రమున విద్యుత్తు జాగ్రత్తలు మానరాదు. తొట్టి దగ్గరి విద్యుత్తంతయు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోవు ఆర్.సి.సి.బి. ద్వారా రావలెను. లోహపు చట్రమునకు ఎర్తు ఉండవలెను. 12 లేక 24 వోల్టులతో వెలుగు దీపము దొరకినచో అదే ఎన్నుకొని, దాని అడాప్టరును తొట్టికి దూరముగా ఎత్తున ఉంచవలెను. దీపపు తీగను ప్లగ్గు దగ్గరకు తెచ్చునపుడు ప్లగ్గుకంటె క్రిందికి ఒక వంపు దించి, తరువాత పైకి తీసికొనిపోవలెను. తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరనే రాలును, ప్లగ్గులోనికి పోదు. విద్యుత్తు తీగ దీపపు బరువును మోయరాదు. చేయి నీటిలో పెట్టుటకు ముందు స్విచ్చి ఆపవలెను; ఇది ఇంటిలోని పిల్లలకు కూడ నేర్పవలెను.

కడుగుట, చూచుట

వారమునకొకసారి మంచినీటిలో ముంచి పిండిన గుడ్డతో కొక్కెములను, కడ్డీలను, దీపపు చట్రమును తుడువవలెను. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే ఈ పని చేయవలెను. బోరునీరు ఉప్పగా ఉన్న గ్రామములలో త్రాగునీటినే దీనికి వాడవలెను. గోధుమరంగు మచ్చ పడినచో దీపమును, సామానును తొట్టినుండి ఇవతలకు తీసి, నిమ్మరసముతో రుద్ది, వెంటనే నీటితో కడుగవలెను. ఇనుపపీచుతో తోమరాదు; పీచు ముక్కలు ఉక్కుపై అంటుకొని అవే తుప్పు పట్టును. బ్లీచింగు నీటితో తుడువరాదు.

నెలకొకసారి దీపపుకాంతిలో ఒక్కొక్క ముడిని, మరను, వాషరు అంచును పరిశీలింపవలెను. వాషరు క్రింద గాలి చొరని సందులోనే స్టెయిన్‌లెస్ స్టీలు ముందుగా చెడును. పగులుగాని, గుంటగాని, సన్నబడుటగాని కనబడినచో శుభ్రము చేసి మరల బిగింపక ఆ భాగమును మార్చవలెను. బిగించిన తేదీని గోడపై వ్రాసి ఉంచుట మంచి అలవాటు.

మీరే పరీక్షించి చూడుడు

పొలములో క్రొత్త వంగడమును ముందు కొద్దిచోట వేసి చూచునట్లే లోహములను కూడ చూడవచ్చును. ఐదు గాజుసీసాలు తీసికొనుడు. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి ప్రతి సీసాను సగము నింపుడు. మామూలు ఇనుము, తళతళలాడు జింకుపూత, ఇత్తడి, 202, 316 బోల్టులను ఒక్కొక్కదానిని ప్లాస్టిక్ దారముతో కట్టి, సగము నీటిలోను సగము గాలిలోను ఉండునట్లు వ్రేలాడదీసి, మూతను వదులుగా పెట్టుడు. సీసాపై పేరు, తేదీ వ్రాయుడు.

ఇనుము రెండు మూడు దినములలోనే ఎర్రబారును. జింకుపూత ముందు తెల్లబడి, తరువాత ఎర్రబడును. ఇత్తడి కాంతి తగ్గి చిలుము పట్టును. 202, 316ల తేడా తెలియుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును, ఓపికతో చూడవలెను. నీటి అంచు దగ్గర ఏమి జరుగుచున్నదో ముఖ్యముగా గమనింపుడు. ఈ సీసాలను పాఠశాలలో పెట్టినచో పిల్లలకు కూడ ఇది మంచి పాఠమగును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ఊరు మెట్టయైనను ఉప్పునీటి తొట్టిపైన గాలి సముద్రపు గాలియే.
2. వీలైనచోట లోహమును మానవలెను. తప్పనిచోట 316 రకమునకు తగ్గరాదు.
3. రాగి, ఇత్తడి, జింకుపూత సామాను నీటికి నేరుగా పైన ఉండరాదు.
4. గుర్తు చూచి, బిల్లు వ్రాయించుకొని కొనవలెను. అయస్కాంతము ఒక్కటే చాలదు.
5. ఒకే లోహము వాడవలెను. కలిసినచోట నైలాను వాషరు వేయవలెను.
6. రెండు కొక్కెములు, వేరువేరు వ్రేలాటలు ఉండవలెను.
7. క్లోరిను వాడు తొట్టిపైన ఏమియు వ్రేలాడదీయరాదు.
8. ఆర్.సి.సి.బి. లేక తొట్టిపై దీపము వెలిగించరాదు.
9. వారమునకొకసారి తుడువవలెను, నెలకొకసారి పరిశీలింపవలెను.

తొట్టిపై దీపము ఇదివరకే వ్రేలాడుచున్నవారు ఈ పాఠము చదివిన పిమ్మట స్విచ్చి ఆపి, ఒక బల్లపై నిలిచి, ఆ కొక్కెమును ఒకసారి దగ్గరగా చూడవలెను. దానిపై తెల్లపొడిగాని, ఎర్రపొరగాని ఉన్నచో ఈ వారములోనే మార్చవలెను.